రావులపాలెం బండ్ల దగ్గర శని, ఆదివారాలు

రాజమండ్రి నుండి విజయవాడ వైపు బస్సులో వెళ్ళినవారికి రావులపాలెం తెలియని ఊరు కాదు. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటగానే బస్సు ఆగుతుంది. కొత్తపేట, అమలాపురం వైపు పోవలసినవారు సంచులు సర్దుకొని దిగుతారు. మిగిలినవారు కిటికీలోంచే ఒక అత్తం అరటిపండ్లు బేరమాడి కొంటారు. బస్సు మళ్ళీ కదిలి కాసేపటికే సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన ఎక్కుతుంది. గోదావరి రెండు పాయల మధ్య, రెండు వంతెనల నడుమ ఉన్న ఈ ఊరిని కోనసీమ ముఖద్వారం అంటారు. ద్వారం గుండా లోపలికి పోయేవారే గాని అక్కడ ఆగి కూర్చునేవారు తక్కువ. తిండి మాట వస్తే రాజమండ్రి రోజ్‌మిల్కు, కాకినాడ కాజా, తాపేశ్వరం మడత కాజా గుర్తొస్తాయి. రావులపాలెం బజ్జీ అని ఎవరూ అనరు.

అయినా శనివారం సాయంత్రం ఆ ఊరి సెంటర్లో నిలబడితే అడుగు తీసి అడుగు వేయడానికి చోటుండదు. ఆత్రేయపురం మండలంలోని వాడపల్లి గుడికి శనివారాలు వెళ్ళే జనం వేల సంఖ్యలో ఈ దారినే వస్తారు. వారం పని ముగించుకొని కూలి డబ్బులు చేతబట్టుకున్న లంక గ్రామాల కుటుంబాలు వస్తాయి. హైవే మీద ఆగిన లారీల డ్రైవర్లుంటారు. ఇందరికీ ఆకలి వేస్తుంది. అందుకని పొద్దు వాలుతుంటే రోడ్డు పక్కన తోపుడు బండ్లు ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. పెద్ద నగరాల్లో తినుబండారాల వీధులకు పేర్లు పెట్టి, దీపాలు కట్టి ప్రచారం చేస్తున్నారు. ఇక్కడ పేరూ లేదు, ప్రచారమూ లేదు. మూకుడు కింద మంట, పైన ఒక బల్బు, అంతే.

నెలకొకసారి పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళాలనుకొని, ఖర్చు తలచుకొని ఆగిపోయే పల్లెటూరి కుటుంబాలకు ఈ ఊరు చక్కగా సరిపోతుందని మాకు అనిపించింది. శనివారం మధ్యాహ్నం బయలుదేరి ఆదివారం ఆరాధన వేళకు ఇంటికి చేరవచ్చు. వీలైనవారు ఆదివారం మధ్యాహ్నం ఆత్రేయపురం కూడా చూడవచ్చు. అయితే బండ్ల దగ్గరకు వెళ్ళే ముందు ఒకసారి అరటి మార్కెట్టు చూడాలి. చూడకపోతే ఆ బజ్జీ సంగతి సగమే తెలుస్తుంది.

గెలల సంత

రావులపాలెం మార్కెట్టు యార్డు రాష్ట్రంలోని పెద్ద అరటి మార్కెట్లలో ఒకటి. రెండు పక్కలా గెలలు వేలాడదీసుకొని సైకిళ్ళ మీద, మోపెడ్ల మీద, ఆటోల మీద రైతులు వస్తూనే ఉంటారు. సైకిలు తొక్కడానికి వీలుండదు గనుక చాలామంది నడిపించుకొనే వస్తారు. గెలల్ని వరుసగా నిలబెట్టి పక్కన నిలుచుంటారు. వ్యాపారి వచ్చి అత్తాలు ఎన్నో చూస్తాడు, కాయ లావు చూస్తాడు, మచ్చలున్నాయేమో చూస్తాడు, ధర చెబుతాడు. బేరం తెగాక గెలలు లారీ ఎక్కి ఒడిశా, పశ్చిమ బెంగాల్, తమిళనాడు దాకా పోతాయి.

ఇక్కడ పిల్లలకు చూపించవలసింది చాలా ఉంది. పట్నంలో పెరిగే పిల్లలకు అరటిపండు అంటే ఒకటే పండు. ఇక్కడ కర్పూరం, తెల్ల చక్కెరకేళి, ఎర్ర చక్కెరకేళి, అమృతపాణి, బూషావళి పక్కపక్కనే కనిపిస్తాయి. వాటికి దూరంగా, పలకలు తేలిన లావుపాటి కాయలతో బొంత అరటి గెలలుంటాయి. మనం కూర వండుకొనేది, సాయంత్రం బండి మీద బజ్జీ అయ్యేది ఇదే. గోదావరి అవతల కొవ్వూరులో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్ళుగా అరటి మీద పని చేస్తున్నారు. ప్రపంచంలో అరటి ఎక్కువగా పండించే దేశం మనదే. పండిన దానిలో ఎక్కువ భాగం మన దేశంలోనే తింటాం.

ఈ పచ్చదనం వెనుక కాలువ ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర కట్టించిన ఆ ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజి 1982 నాటికి వచ్చింది. బొబ్బర్లంక దగ్గర బయలుదేరిన మధ్య డెల్టా కాలువే ఇక్కడి తోటలకు నీళ్ళిస్తుంది. ఆత్రేయపురం దారిలో లొల్ల లాకుల దగ్గర ఆ నీళ్ళు వేర్వేరు కాలువలకు మళ్ళుతాయి. పిల్లలుంటే అక్కడ పది నిమిషాలు ఆగండి. బడిలో చదివిన పాఠం కళ్ళముందు కనిపిస్తుంది.

నీళ్ళు ఇచ్చిన గోదావరే ఒక్కొక్క ఏడు లంకల్ని ముంచుతుంది. 1986 ఆగస్టు వరదను పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో అరటి తోటలు రోజుల తరబడి నీళ్ళలో నిలిచాయి. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో కొబ్బరి చెట్లే కూలిపోయాయంటే అరటి మాట చెప్పేదేముంది? గెల వేసిన అరటి చెట్టు పెద్ద గాలికి ఆగదు. అందుకే పోటు కర్రలు పెడతారు. ఆ కర్రల ఖర్చు కూడా గెల మీదే పడుతుంది.

పళ్ళెంలో నాలుగు బజ్జీలు

సాయంత్రం ఆరు దాటాక బండ్ల వరస దగ్గరకు వచ్చాం. దూరం నుండే వాము వాసన తెలుస్తుంది. పెద్ద మూకుడులో నూనె కాగుతోంది. బండి దగ్గర భార్యాభర్తలిద్దరూ ఉన్నారు. ఆయన బొంత కాయ పైచెక్కు పల్చగా తీసి నిలువునా పలకలు కోస్తున్నాడు. ఆమె శనగపిండి జారులో ముంచి నూనెలో వదులుతోంది. “ఆయ్, కూర్చోండమ్మా, ఇదిగో తీసేత్తన్నాను” అంది. కూర్చోవడానికి ఉన్నవి రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు. వాటి మీద పిల్లల్ని కూర్చోబెట్టి పెద్దవాళ్ళం నిలబడ్డాం.

అరటికాయ బజ్జీకి ముఖ్యమైనది పలక మందం. మరీ పల్చన అయితే పిండి రుచే మిగులుతుంది, మందమైతే లోపల పచ్చి వాసన పోదు. శనగపిండిలో గుప్పెడు బియ్యప్పిండి కలిపితే పైన కరకర వస్తుంది. నూనె కాగిందో లేదో చూడడానికి ఒక చుక్క జారు వేస్తారు. అది వెంటనే పైకి తేలాలి. తీసిన బజ్జీని మధ్యకు చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొంచెం కారం, ఉప్పు పెట్టి, నిమ్మకాయ పిండి ఇస్తారు. ఈ చీల్చి ఇవ్వడంలోనే గోదావరి జిల్లాల బజ్జీ రుచి ఉంది. దీని పక్కన మిరపకాయ బజ్జీ, కోడిగుడ్డు బజ్జీ, పునుగులు ఎలాగూ ఉంటాయి. పునుగులకు అల్లం పచ్చడి ఇచ్చే బండి ఒకటి, బొంబాయి చట్నీ ఇచ్చే బండి ఒకటి. మాలో ఎవరికి ఏది బాగుందన్న దాని మీద చిన్న తగవే అయింది.

బజ్జీల తరువాత ముంత మసాలా. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, వేయించిన వేరుశెనగపప్పు, కొత్తిమీర, నిమ్మరసం వేసి గరిటెతో టకటకమని కొట్టి పొట్లం కట్టి ఇస్తాడు. నోరు మండిన పిల్లలకు చెరుకు రసం ఉంది, కొబ్బరి బోండం ఉంది. నూడుల్సు, పానీపూరీ బండ్లు కూడా వచ్చేశాయి. పిల్లలు మొదట పరుగెత్తేది వాటి దగ్గరకే. వాటిని తప్పుపట్టనవసరం లేదు గాని, వాటిని తినడానికి రావులపాలెం దాకా రానక్కరలేదు.

మాతో వచ్చిన బంధువు ఒకాయన కౌలు రైతు. ఆయన బజ్జీ తింటూ వేళ్ళ మీద లెక్క వేయడం మొదలుపెట్టారు. యాభై కాయలున్న బొంత గెల ఒకటి అనుకుందాం. కాయకు ఆరు పలకలు వస్తే మొత్తం మూడు వందల బజ్జీలు. పళ్ళేనికి నాలుగు చొప్పున డెబ్భై అయిదు పళ్ళాలు. పళ్ళెం ముప్పై రూపాయలైతే రెండువేల రెండువందల యాభై రూపాయలు. ధర పడిపోయిన రోజున రైతుకు ఆ గెలకు వందరూపాయలు వచ్చినా అదృష్టమే. అంటే తన గెల మొత్తం అమ్మినా ఈ బండి దగ్గర నాలుగు పళ్ళాల బజ్జీలు కొనలేడు! పెళ్ళిళ్ళ రోజుల్లో, పండుగ నెలల్లో ధర పెరుగుతుంది, నిజమే. కాని చెట్టు పండుగ చూసి గెల వేయదు కదా. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చి లారీలు ఆగినప్పుడు తోటల్లోనే పండి రాలిపోయిన గెలలు ఎన్నో.

అలాగని ఆ రెండువేల చిల్లరా బండి ఆయన జేబులోకి పోతుందనుకోవడం కూడా పొరపాటే. శనగపిండి కొనాలి. వాణిజ్య సిలిండరు కొనాలి, అది ఇంటి సిలిండరు కంటే ఖరీదు. ఉల్లిపాయ ధర ఎప్పుడు ఎగురుతుందో చెప్పలేం. అన్నిటికంటే నూనె. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుండే వస్తుంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలవగానే సన్‌ఫ్లవర్ నూనె రాక దెబ్బతిన్నది. ఆ ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతిని కొన్ని వారాలు ఆపివేసింది. ఎక్కడి యుద్ధమో, ఎక్కడి నిషేధమో వచ్చి రావులపాలెం మూకుడులో పడింది. పళ్ళెం ధర పెంచితే జనం పక్క బండికి పోతారు. పెంచకపోతే నూనె డబ్బులే రావు. వాన కురిసిన శనివారం కలిపిన పిండంతా పారబోయవలసిందే. పైగా ఇద్దరి కష్టం. మధ్యాహ్నం నుండి రాత్రి పదకొండు దాకా నిలబడే ఆ ఇల్లాలి కాళ్ళ నొప్పులకు లెక్కలో ఏ గడి ఉంది?

ఇద్దరూ కష్టపడేవారే. గెల రాత్రికి రాత్రి పచ్చిగానే లారీ ఎక్కిపోతుంది. దాని విలువ పెరగడమంతా తరువాత ఎక్కడో జరుగుతుంది. మనం బండి దగ్గర చూసేది అందులో చాలా చిన్న ముక్క.

తినేముందు చూడవలసినవి

కుటుంబంతో వెళ్ళేవారు రెండు మూడు సంగతులు గమనించాలి. మొదటిది నూనె. నల్లగా, జిగటగా ఉన్నా, మూకుడులో నురగ కట్టి ఆగకపోయినా, కొద్ది వేడికే పొగ వస్తున్నా అది ఎన్నోసార్లు కాగిన నూనె అని అర్థం. పదే పదే కాచిన నూనెలో ఆరోగ్యానికి హాని చేసే పదార్థాలు పెరుగుతాయి. వాటి మొత్తం 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రత సంస్థ నియమం 2018 జూలై నుండి అమలులో ఉంది. మన దగ్గర కొలిచే పరికరం ఉండదు గాని కళ్ళున్నాయి, ముక్కుంది. సాయంత్రం తొందరగా వెళ్తే కొత్త నూనె దొరికే అవకాశం ఎక్కువ.

రెండోది వార్తాపత్రిక. వేడి బజ్జీని పేపరు మీద పెడితే అచ్చు సిరా నూనెతో కలిసి తిండిలోకి వస్తుంది. ఇది మంచిది కాదని అదే సంస్థ ఎన్నోసార్లు హెచ్చరించింది. అరటి తోటల మధ్య ఉన్న ఊళ్ళో పేపరు ముక్క దేనికండీ? మేము అడిగితే ఒక బండి ఆయన నవ్వి, పళ్ళెంలో అరటాకు ముక్క వేసి ఇచ్చాడు. నలుగురు అడిగితే నలుగురికీ ఇస్తాడు. నీళ్ళు మాత్రం ఇంటి నుండే సీసాలో తెచ్చుకోండి. పానీపూరీ నీళ్ళ విషయంలో చిన్నపిల్లలకు వద్దని చెప్పడమే మేలు.

మూడోది పండు. కాయల్ని కాల్షియం కార్బైడుతో మగ్గబెట్టడం చట్టరీత్యా నిషేధం. అందులో ఆర్సెనిక్, భాస్వరం జాడలు ఉంటాయి. గదిలో ఇథిలీన్ వాయువు తగుమోతాదులో వదిలి మగ్గబెట్టడానికి అనుమతి ఉంది. ఇథిలీన్ అరటికాయ తనంత తానే విడిచే వాయువు. మన తాతలు గదిలో గెలలు పేర్చి, ఎండాకులు కప్పి, పొగపెట్టినప్పుడు జరిగింది కూడా ఇంచుమించు ఇదే. ఎలా మగ్గిందో రంగు చూసి తేల్చడం కష్టం. రెండు రోజులు ఆగగలిగితే పచ్చి అత్తమే కొని ఇంట్లో మగ్గబెట్టుకోవడం అన్నిటికంటే క్షేమం.

రేకు తీసే చేతులు

ఆదివారం మధ్యాహ్నం ఆత్రేయపురం వెళ్ళాం. రావులపాలెం నుండి కాలువ గట్టు వెంట దారి, ఆటోలు దొరుకుతాయి. దారి పొడవునా పూతరేకుల దుకాణాలే. రావులపాలెంలో పెట్టెల్లో దొరికే పూతరేకులు ఇక్కడివే. కాని తినడం కంటే చేయడం చూడాలి.

బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. బియ్యాన్ని నానబెట్టి మెత్తగా రుబ్బి నీళ్ళలా పల్చగా చేసిన జారులో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతుంది ఆ ఇల్లాలు. రెప్ప వేసేలోగా కాగితం కంటే పల్చని రేకు లేస్తుంది. కుండ వేడి కొంచెం ఎక్కువైతే రేకు మాడిపోతుంది, తక్కువైతే అంటుకుంటుంది. ఈ కొలత పుస్తకంలో దొరకదు, చేతిలోనే ఉంటుంది. రేకు తీసేవారు ఒకరు, దానికి నెయ్యి రాసి పంచదార పొడో బెల్లం పొడో చల్లి చుట్టేవారు మరొకరు. ఇద్దరూ ఎక్కువగా స్త్రీలే. మండు వేసవిలో కూడా ఆ మంట ముందు కూర్చోవలసిందే. ఆ సంగతి తెలిశాక పెట్టె ధర గురించి మేము గట్టిగా బేరం చేయలేకపోయాం.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరుతో మరెక్కడో తయారైన దానిని అమ్మడానికి వీలు లేదన్నమాట. ఇది ఊరికి దక్కిన గౌరవమే. రేకు తీసే స్త్రీ కూలిలో అది ఎంత కనిపిస్తుందన్నది వేరే ప్రశ్న. అయినా మొదటి మాట ఒప్పుకోవాలి. ఇక్కడ బియ్యం బియ్యంగా ఊరు దాటలేదు. నాలుగు గింజల బియ్యం, కాస్త నెయ్యి, చేతి పనితనం కలిసి ఆ ఊళ్ళోనే వందల ఇళ్ళకు పని అయింది.

తిరుగు దారిలో మా కౌలు రైతు బంధువు మళ్ళీ అదే మాట ఎత్తారు. కేరళలో నేంద్ర అరటికాయను కొబ్బరినూనెలో వేయించి చిప్స్ అని దేశమంతా అమ్ముతున్నారు. కోనసీమలో అరటీ ఉంది, కొబ్బరీ ఉంది. మరి మన గెల పచ్చిగానే ఎందుకు పోవాలి? నేంద్ర కాయలో పిండి గట్టిగా ఉంటుంది, మన బొంతకు ఆ గుణం అంతగా లేదు, కనుక అదే పని ఇక్కడ అచ్చంగా చేయలేమని కొందరంటారు. కావచ్చు. బొంతను ఎండబెట్టి పిండి చేయవచ్చు, అరటి నారతో సంచులు, చాపలు అల్లవచ్చు. సంఘంగా ఏర్పడిన స్త్రీలు కొన్నిచోట్ల చేస్తున్నారు కూడా. కాని యంత్రానికి, గోదాముకు, కొనేవాడికి డబ్బు ఎక్కడిది? అరెకరం కౌలుకు తీసుకున్నవాడు ఒక్కడే చేయగల పని కాదు. పదిమంది కలిస్తే ఏమవుతుందని ఆయన అడిగారు. ఆటోలో ఉన్నవాళ్ళం పదిమందిమే. ఎవరమూ వెంటనే జవాబు చెప్పలేదు. వచ్చే నెల కొవ్వూరు వెళ్ళి పరిశోధన స్థానంలో అడిగి వస్తానని మాత్రం ఆయన అన్నారు.

వెళ్ళాలనుకొనేవారికి ఒక మాట. నవంబరు నుండి జనవరి లోపు వెళ్తే కాల్చిన తేగలు కూడా దొరుకుతాయి. వేసవిలో అయితే తాటి ముంజలు. వరద నీళ్ళు వచ్చే జూలై, ఆగస్టు నెలల్లో పులస పేరు చెప్పి పిలుస్తారు గాని, దాని ధర వేలల్లో ఉంటుంది, అసలు పులస అవునో కాదో తెలిసినవారు వెంట ఉంటేనే ఆ మాట ఎత్తండి. శనివారం చివరి బస్సు వేళ ముందే కనుక్కోండి. పూతరేకుల పెట్టె కొంటే సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకోండి, కింద పెడితే ఇంటికి చేరేది పొడే.